రాజుగారి పేర అర్జీ

తెలుక్ ఆన్సన్, మలయా
20 సెప్టెంబరు 1959

ప్రియమైన అక్క ఎలిశబెతుకు,

తమ్ముడు జీవానందం నమస్కారాలు. దేవుని దయవల్ల నేనూ, ఆనందకుమారీ, పిల్లలూ కులాసా. నీ బడికి కొత్త పెంకులు వేశారని తెలిసి సంతోషించాను. ఈ ఏడు వానలకు నీ పిల్లలు తడవరు.

పోయిన నెల ఇక్కడ ఎన్నికలు జరిగాయి. నా జీవితంలో మొదటి ఓటు వేశాను. రాజు ఉన్న దేశంలో మీకు ఓటెందుకురా అని నువ్వు వెక్కిరించావు కాబట్టి చెబుతున్నాను, విను. ఇక్కడ తొమ్మిది రాష్ట్రాలకు తొమ్మిదిమంది వంశపారంపర్యపు ప్రభువులున్నారు. వాళ్లంతా కూడి తమలో ఒకరిని ఐదేళ్లపాటు దేశమంతటికీ రాజుగా ఎన్నుకుంటారు. అయితే పరిపాలన ఆయనది కాదు. మా ఓట్లతో గెలిచిన మెంబర్లలో ఎక్కువమంది ఎవరి వెనక ఉంటే ఆయన ప్రధానమంత్రి. మంత్రులు నిర్ణయిస్తారు, రాజుగారు ముద్ర వేస్తారు. ఢిల్లీలో రాష్ట్రపతి ఉన్నట్టే అనుకో. కిరీటం ఒక్కటే ఎక్కువ.

మొన్న ఆదివారం పిన్ని కొడుకు సమాధానం వచ్చాడు. కొబ్బరితోటలో వాడే ఇప్పుడు కూలీల సంఘానికి కార్యదర్శి. కూలీల ఇళ్ల దగ్గర బావి ఉప్పబడిందనీ, ఆ నీళ్లు తాగి పిల్లలకు కడుపులు చెడుతున్నాయనీ మానేజరుతో పోట్లాడుతున్నాడు. వాడి పాప రూతుకు రెండేళ్లు నిండాయి. స్వతంత్రం వచ్చిన తరువాత పుట్టింది గనక అది పుట్టుకతోనే ఈ దేశపు పౌరురాలు. వాడి భార్య పరంజ్యోతి ఇక్కడ పుట్టిపెరిగిన పిల్ల, పుట్టింటివాళ్లు ఆమె కాగితాలు ఎప్పుడో చేయించారు. ఇంట్లో వీడొక్కడే మిగిలాడు. దరఖాస్తు మీద తనను బాగా ఎరిగిన పౌరుడొకరు సాక్షి సంతకం పెట్టాలట. "నువ్వుండగా నాకింకెవురు కావాలన్నా?" అన్నాడు. చూద్దాంలే అన్నాను.

పిన్నికి మా అందరి వందనాలు చెప్పు.

నీ తమ్ముడు
జీవానందం

అల్లూరు
18 అక్టోబరు 1959

చిరంజీవి జీవానందానికి అక్క దీవెనలు.

ఇక్కడ వానలు మొదలై చేలన్నీ నిండాయి. పిన్నికి మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకేం లేదు. నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుని, రాజును కూడా ఎన్నుకుంటారా అని నవ్వింది. ఇక్కడా పంచాయతీ సమితులని కొత్తగా పెడుతున్నారు. ప్రెసిడెంటు ఎవరో తేలకముందే ఊళ్లో రెండు పార్టీలయ్యాయి.

ఇప్పుడు రాసే ముక్క పిన్నికి చదివి వినిపించను. కొడవలూరు ఓబులేసు మలయా నుంచి వచ్చేశాడు. కావలిలో రైలు దిగి నేరుగా మన ఇంటికొచ్చి చెప్పిన సంగతి ఇది. "సమాధానం పేరు పోలీసోళ్ల దగ్గరుండాదమ్మా. ఆ తోటలో సంఘమంటే అడివిలో దాగిన కమ్యూనిస్టోళ్లతో చేరినట్టేనని దొరలు జెప్పుకుంటా ఉండారు." అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నీది సర్కారు ఉద్యోగం. ముగ్గురు బిడ్డలు. వాడు మంచివాడే, కానీ నోరు ఆగదు. వాడి పేరు పక్కన నీ పేరు పెట్టబోకు. ఆ గొడవ చల్లారిందాకా కాస్త దూరంగా ఉండు. నేను ఇట్లా రాశానని వాడితో అనవద్దు.

మన అమ్మ పోయినప్పుడు మనిద్దరినీ చేరదీసిన మనిషి పిన్ని. సొంత కొడుకును గేదెల వెంట తోలి నిన్ను నెల్లూరు బోర్డింగుకు పంపింది. ఆమె ఎదురుగా కూర్చుని ఈ మాటలు రాస్తున్నాను. ఏం రాస్తున్నావని అడిగితే బడి కబుర్లన్నాను.

అక్క
ఎలిశబెతు

తెలుక్ ఆన్సన్
3 జనవరి 1960

అక్కా,

నూతన సంవత్సర వందనాలు. నీవు చెప్పినట్టే చేశాను. సమాధానం దరఖాస్తు తీసుకుని రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఆఫీసు పని ఎక్కువగా ఉందన్నాను. రెండోసారి క్రిస్మసు పోనివ్వరా అన్నాను.

"నువ్వు మల్లా రమ్మంటే మల్లా వస్తా. నువ్వేమన్నా పరాయోడివా?" అని నవ్వి, పిల్లలకు తెచ్చిన కొబ్బరి బొండాలు దించి సైకిలెక్కి పోయాడు. ఆనందకుమారి నావైపు చూసింది. బొండాలెత్తుకుని లోపలికి పోయింది. నాలుగు మాటలు అనివుంటే బాగుండేది.

తోటలో పని ఆగిపోయింది. కొత్త బావి తవ్వించేదాకా చెట్లెక్కేది లేదని కూర్చున్నారు. చల్లారిన తరువాత సంతకం పెట్టేస్తాను. ఎక్కడికీ పోదు కదా.

జీవానందం

తెలుక్ ఆన్సన్
2 ఫిబ్రవరి 1960

అక్కా,

సమాధానాన్ని పోలీసులు తీసుకుపోయారు. తోటలో ఎవరో మానేజరు కారు మీద రాళ్లు వేశారు. వీడు వేయలేదని అందరూ అంటున్నారు. కానీ కార్యదర్శి వీడు. కేసు లేదు, కోర్టు లేదు. పౌరులు కానివాళ్లను దేశం నుంచి పంపివేయడానికి మంత్రికి అధికారమిచ్చే చట్టం ఒకటుంది. దాని కింద ఉత్తర్వు రాబోతున్నదట.

పిన్నికి ఎలా చెబుతావో నీ ఇష్టం.

జీవానందం

అల్లూరు
14 ఫిబ్రవరి 1960

తమ్ముడా,

పిన్నికి చెప్పాను. కింద కూర్చుండిపోయింది. లేచి అన్న మాట ఇది. "మన జీవానందం ఆ రాజు కొలువులోనే గదా ఉండేది. రాజుతో ఒక మాట జెప్పమను. రాజంటే తండ్రి గదమ్మా. బిడ్డ తల్లి ఏడుస్తా ఉందంటే ఇనడా?"

నువ్వు ఆఫీసులో గుమాస్తావేగానీ కొలువులో లేవని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కడం లేదు. ఆదివారం గుడిలో మలయా రాజుకు మంచి మనసివ్వమని బిగ్గరగా ప్రార్థన చేసింది. పాస్టరుగారు కూడా ఆమెన్ అన్నారు.

నాకొక్క సంగతి చెప్పు. నువ్వు ఆ సంతకం పెట్టివుంటే ఇట్లా జరిగేది కాదా? నేను నిన్ను సంఘం గొడవల్లో దిగవద్దని రాశానుగానీ పౌరసత్వం కాగితం మీద చెయ్యి పెట్టవద్దని రాశానా? నాకు జ్ఞాపకం లేదు. అట్లా రాసివుంటే ఆ ఉత్తరం చించెయ్యి.

ఎలాగైనా రాజుకు అర్జీ పెట్టు. పిన్ని కోసం.

అక్క

తెలుక్ ఆన్సన్
6 మార్చి 1960

అక్కా,

"వాడి పేరు పక్కన నీ పేరు పెట్టబోకు" అని నువ్వు రాశావు. ఉత్తరం నా ముందే ఉంది. చించలేదు. నిన్ను తప్పుపట్టడానికి కాదు. నాకు అప్పటికే ఆ సంతకం పెట్టాలని లేదు, నీ మాట దొరికింది, పట్టుకున్నాను. అంతే.

నీ ప్రశ్నకు జవాబు, అవును. పౌరుణ్ణి దేశం నుంచి పంపించే అధికారం ఎవరికీ లేదు. మంత్రికి లేదు, రాజుకూ లేదు. రాజ్యాంగంలోనే ఆ మాట ఉంది. సెప్టెంబరులో నేను సంతకం పెట్టి, దరఖాస్తు సాగి, వాడు పౌరుడై ఉంటే ఈ ఉత్తర్వు పుట్టేదే కాదు.

పిన్నికి ఎలా చెప్పాలో తెలియదుగానీ ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొదట మా రాష్ట్రపు సుల్తానుగారి కార్యాలయానికి పోయాను. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు. భూములూ, మతమూ మా రాష్ట్రానివి, పౌరసత్వమూ పోలీసులూ కేంద్రానివి, సుల్తానుగారు ఇందులో కలగజేసుకోలేరు అన్నాడు. కేంద్రంలో రాజుగారున్నారు. ఆయన దయామయుడే కావచ్చు. కానీ మంత్రుల సలహా మేరకే నడుచుకోవాలి. అంటే పిన్ని ఏడుపు రాజుగారు విన్నా, ఆ కాగితం తిరిగి ఉత్తర్వు చేసిన మంత్రి బల్ల మీదికే పోతుంది. ఒక మనిషి మనసు కరిగితే చట్టం మారిపోకూడదని ఇట్లా కట్టారు. పుస్తకంలో చదివినప్పుడు ఎంత బాగుందో అనుకున్నాను.

అయినా రాజుగారి పేర అర్జీ టైపు చేయించాను. పరంజ్యోతి వేలిముద్ర వేయవలసి వచ్చింది. పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి, తను బల్ల దగ్గరికి పోయి వేసింది.

జీవానందం

అల్లూరు
17 ఏప్రిల్ 1960

తమ్ముడా,

మీ రాజుగారు కాలం చేశారని పోస్టాఫీసు పద్మనాభయ్యగారు పేపరులో చూసి చెప్పారు. ఆ మాట పిన్ని చెవిన పడకుండా చూడాలనుకున్నాను. ఆమెకు వీధిలోనే తెలిసింది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. "నా బిడ్డ కాగితం చూసేలోపే దేవుడు ఆయన్ని తీసకపోయినాడు. ఇంక ఎవురికి మొక్కుకునేది?" అంటుంది. ఆ రాజు చచ్చిపోయాడు కాబట్టి అర్జీ కూడా చచ్చిపోయిందని ఆమె లెక్క. నిజమేనా? నాకూ తెలియదు, ఆమెకేం చెప్పను?

చించమని రాసినందుకు సిగ్గుగా ఉంది. ఇన్నేళ్లుగా బడిపిల్లలకు అబద్ధమాడవద్దని చెబుతున్నాను. నేను రాసింది నాకు జ్ఞాపకముంది తమ్ముడా. ప్రతి అక్షరం జ్ఞాపకముంది.

అక్క

తెలుక్ ఆన్సన్
22 మే 1960

అక్కా,

అర్జీ చావలేదని పిన్నికి చెప్పు. రాజు అనే మనిషి పోయాడుగానీ రాజు అనే పదవి ఒక్క గడియ కూడా ఖాళీగా ఉండదు. ప్రభువులు కూడి ఇంకొకరిని ఎన్నుకున్నారు. ఆఫీసులన్నీ మామూలుగా తెరిచారు. కాగితాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

ఆ సందులో నేను ఇంకొక దారి పట్టాను. మా నియోజకవర్గం మెంబరు ఇంటికి పోయాను. ఓటు అడగడానికి వచ్చినప్పుడు చూసిన మనిషే. కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు. పార్లమెంటులో మంత్రిని అడుగుతానన్నాడు. మంత్రి ఎంతటివాడైనా సభలో లేచి జవాబు చెప్పి తీరాలి, అదే ఈ పద్ధతికి ప్రాణం అన్నాడు. తరువాత కళ్లజోడు సవరించుకుని, "ఇన్నేళ్లుగా ఇక్కడున్న మనిషి పౌరసత్వానికి ఎందుకు దరఖాస్తు చేసుకోలేదు?" అని అడిగాడు.

సాక్షి సంతకం నేనే పెట్టలేదని చెప్పవలసింది. పక్కన మా ఆఫీసు పెద్దను ఎరిగినవాళ్లు ఇద్దరు కూర్చునివున్నారు. "తెలియదండీ. చదువు లేని కూలీ" అన్నాను.

ఆయన సభలో అదే చెప్పాడు. అజ్ఞానం వల్ల దరఖాస్తు చేసుకోని ఒక కూలీ అని పేపర్లో వచ్చింది. మంత్రిగారు లేచి, ప్రభుత్వం గడువూ అవకాశమూ అందరికీ ఇచ్చిందనీ, తెలియకపోవడం కారణం కాజాలదనీ జవాబిచ్చారు. ఆ పైవారం అర్జీకి జవాబు వచ్చింది. కలగజేసుకోవడానికి కారణం కనిపించలేదట. అడుగున రాజుగారి పేరున ఒక అధికారి సంతకం.

వచ్చే ఓడలో సమాధానాన్ని మద్రాసు పంపుతున్నారు. జైలు దగ్గర పరంజ్యోతినీ పాపనూ వాణ్ణి చూడనిచ్చారు. నేను గేటు బయటే ఉండిపోయాను. నన్నూ రానిచ్చేవాళ్లే.

జీవానందం

అల్లూరు
10 జూలై 1960

జీవానందానికి,

సమాధానం వచ్చాడు. చిక్కిపోయాడు. పిన్ని వాడి ముఖమంతా తడిమి తడిమి చూసుకుంది. రాజే నా బిడ్డను నాకు పంపించాడు అంటుంది. ఆమెకు ఇది శిక్షగా తోచడం లేదు, ప్రార్థన ఫలించిందనుకుంటుంది. ఊరందరికీ బెల్లం పంచింది. నేను కూడా తిన్నాను.

వాడు పగలంతా పొలం పని చేసి, సాయంత్రం మా అరుగు మీద కూర్చుంటాడు. ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు. "నన్ను పంపించినందుకు బాధ లేదక్కా. జైల్లో ఒక తమిళ పోలీసాయన నాకు పేపరు చదివి ఇనిపించినాడు. నాకు తెలీక కాగితం పెట్టలేదని పార్లమెంటులో జెప్పినారంట. నాకు తెలీదా? ఆ తోటలో ముప్పై మందికి దగ్గరుండి కాగితాలు పెట్టించింది నేను గదా. నన్ను తెలివిలేనోడని ఎవురు జెప్పినారక్కా?"

పాలు పొంగుతున్నాయని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పాలు లేవు.

అన్నకు ఉత్తరం రాయక్కా, పరంజ్యోతికి ధైర్యం చెప్పమను అంటున్నాడు. నీ మీద ఒక్క మాట లేదు. దరఖాస్తు సంగతే ఎత్తడు. తెలిసి ఎత్తడో, తెలియక ఎత్తడో నాకు అర్థం కావడం లేదు.

ఎలిశబెతు

తెలుక్ ఆన్సన్
9 అక్టోబరు 1960

అక్కా,

మూడు నెలలుగా జవాబు రాయలేకపోయాను. ఇప్పుడు ఒక మంచి కబురుంది. పరంజ్యోతికీ రూతుకూ జనవరి ఓడకు టిక్కెట్లు తీశాను. ప్రయాణానికి కావలసిన కాగితాలన్నీ నేనే తిరిగి సిద్ధం చేయించాను. పరంజ్యోతి పుట్టి పెరిగిన ఊరు వదలాలని బెంగగా ఉన్నా, ఆయన దగ్గరికి పోవాల్సిందే కదా అంటున్నది. ముగ్గురూ ఒకచోట చేరితే నా మనసుకు కొంచెం శాంతి.

వాడికి ఇక అంతా చెప్పెయ్యి. సంతకం సంగతీ, మెంబరు దగ్గర నేనన్న మాటా. నీ ఉత్తరం సంగతి చెప్పనక్కరలేదు. తప్పంతా నాదేనను.

జీవానందం

అల్లూరు
4 డిసెంబరు 1960

తమ్ముడా,

చెప్పాను. నా ఉత్తరం సంగతి కూడా చెప్పాను. నువ్వు మోసినంత మోశావు, నా వంతు కూడా నీ నెత్తిన పెట్టి నేను గుడికి పోలేను.

అంతా విన్నాడు. తరువాత, "సంతకం పెట్టడని రెండోసారికే తెలిసిపోయిందక్కా" అన్నాడు. "మూడోసారి పొయ్యేదానికి నాకే మొగమాటమయింది. అన్నను దొంగను చేసినట్టుంటదని పోలేదు. వేరే ఎవురినన్నా అడిగి ఉండొచ్చు. అన్న ఉండగా పరాయోళ్లను అడిగితే అన్నకు తలవంపులని ఆగినాను. కానీ తెలివిలేనోడని అన్న నోటితోనే జెప్పినాడా?"

ఆ రాత్రి అన్నానికి రాలేదు. వారం రోజులు మా గడప తొక్కలేదు. పిన్ని నన్ను అడుగుతుంది, ఏమైందమ్మా వాడికి అని. నేను ఏం చెప్పాలి?

నిన్న వచ్చాడు. నిలబడే చెప్పి, నన్ను రాయమన్నాడు. వాడి మాటల్లోనే రాస్తున్నాను.

"టిక్కెట్లు వాపసు ఇచ్చేయమను. నా బిడ్డను పంపొద్దు. అది ఆ దేశపు మనిషి. దాన్ని పో అనేదానికి ఎవురికీ హక్కు లేదని అన్నే గదా రాసినాడు, మంత్రికీ లేదు, రాజుకీ లేదని. నేను అట్టాంటి మనిషిని కాలేకపోయినా. అది పుట్టడంతోనే అయింది. దాన్ని నా కోసం అక్కణ్ణుంచి పెరికి తేవద్దు. పరంజ్యోతికి ఓటుంది. మంత్రులు మారతారు గదా, మారినప్పుడంతా అడగతా ఉండమను. పిలిస్తే పోతా. పిలవకపోతే ఈడనే ఉంటా. అన్న వాళ్లను బాగా చూసుకోవాల. ఓడెక్కించి చేతులు దులుపుకునేది నేను ఒప్పుకోను."

నిన్ను క్షమించాడా అని అడగబోకు. నేనూ అడగలేదు.

అక్క

తెలుక్ ఆన్సన్
16 జనవరి 1961

అక్కా,

టిక్కెట్లు తిరిగి ఇచ్చేశాను. వాడి మాటలు పరంజ్యోతికి చదివి వినిపించాను, ఒక్కటి కూడా వదలకుండా. నేను చేసినవన్నీ కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"మమ్మల్ని పంపేస్తే మీకు నిమ్మళంగా ఉంటుందనుకున్నారు గదా బావగారూ" అన్నది.

అవునన్నాను.

"ఆయన చెప్పిందే సరి. మేమిక్కడే ఉంటాం." పాపను ఎత్తుకుని అన్నది, "తోటలో నన్ను ఉండనివ్వరు. ఇక్కడి ఆస్పత్రిలో ఆయా పని చూశాను. పొద్దున పాపను మీ ఇంట్లో వదిలి పోతాను. పని దిగినాక వచ్చి తీసుకుపోతాను."

ఈ ఉదయం తెచ్చి వదిలింది. ఆనందకుమారి దానికి పాలు కలిపి ఇచ్చింది. మా పిల్లల పాత బొమ్మలు ముందు పెడితే తాకలేదు. నేను ఆఫీసుకు బయలుదేరితే నా వెనకే గేటుదాకా నడిచి వచ్చింది.

"సాయంత్రం వస్తావా పెదనాన్నా?" అని అడిగింది.

వస్తానన్నాను.

సైకిల్ హాండిల్ పట్టుకుని వదలలేదు. నిజంగా వస్తావా అని మళ్లీ అడిగింది.

జీవానందం